తొక్కలు తరగడానికి ఓ యంత్రమా?

వంటింట్లో మిగిలే కూరగాయల తొక్కలను, పండ్ల చెక్కులను ఇంట్లోనే ఎరువుగా మార్చుకునే అలవాటు మిద్దెతోటలతో పాటు నగరాల్లో పెరుగుతున్నకొద్దీ, ఆ పనిని సులువు చేస్తామంటూ రకరకాల పరికరాలు అంగళ్లలోకి వచ్చాయి. తాడు లాగితే లోపలి కత్తులు తిరిగే చిన్న చాపర్ మొదలు చెత్తను ఎండబెట్టి పొడిచేసే కరెంటు డబ్బా వరకు, వీటిని కొనమనడానికి చెప్పే కారణం ఒక్కటే: ముక్క ఎంత చిన్నదైతే ఎరువు అంత త్వరగా తయారవుతుంది. ఈ మాటలో నిజం లేకపోలేదు. అయితే ఆ నిజం గట్టి పదార్థాలకు, ఎండు పదార్థాలకు వర్తించినంతగా, ఈ పరికరాలు తరగగలిగే మెత్తని తొక్కలకు వర్తించదు.

బాక్టీరియా, బూజులు తగినంత తేమ, గాలి ఉన్నచోట సేంద్రియ పదార్థాన్ని విడగొట్టగా మిగిలే ముదురు రంగు ఎరువును కంపోస్టు అంటారు. ఈ సూక్ష్మజీవులు ఎంజైములను, అంటే పదార్థాన్ని చిన్న అణువులుగా తెంచే ప్రోటీన్లను బయటికి వదిలి, కరిగిన దాన్ని పీల్చుకుని బతుకుతాయి గనుక, వాటి పని ఎప్పుడూ ముక్క పైభాగం నుంచే మొదలవుతుంది. నాలుగు సెంటీమీటర్ల భుజం గల ఘనాకారపు సొరకాయ ముక్కకు ఉపరితలం 96 చదరపు సెంటీమీటర్లు ఉంటే, దాన్నే సెంటీమీటరు భుజం గల 64 ముక్కలుగా కోసినప్పుడు మొత్తం ఉపరితలం 384 చదరపు సెంటీమీటర్లకు, అనగా నాలుగింతలకు చేరుతుంది. పైగా నిమ్మ, బత్తాయి, పుచ్చకాయల తొక్క మీద ఉండే మైనపు పొర సూక్ష్మజీవులను కొంతకాలం అడ్డుకుంటుంది. కత్తి గాటు పడితే ఆ అడ్డు తొలగిపోతుంది.

కానీ కోత పెరిగినకొద్దీ లాభం కూడా అలాగే పెరుగుతూ పోదు. కూరగాయల తొక్కల్లో 80 నుంచి 90 శాతం వరకు నీరే ఉంటుంది, కంపోస్టు డబ్బాలో ఉండవలసిన తేమ మాత్రం 50 నుంచి 60 శాతం. తొక్కలను ముద్దగా రుబ్బితే కణాల గోడలు చిట్లి నీరంతా ఒక్కసారి బయటికి వస్తుంది, ముక్కల మధ్య గాలి ఆడే సందులు మూసుకుపోతాయి, ఆక్సిజన్ అందని చోట బతికే మరో రకం బాక్టీరియా బలపడి పుల్లని, కుళ్లిన వాసనను పుట్టిస్తుంది. దీనికి తోడు కర్బనం, నత్రజనుల నిష్పత్తి ఒకటుంది. సూక్ష్మజీవులకు ఒక పాలు నత్రజనికి 25 నుంచి 30 పాళ్ల కర్బనం అనుకూలం కాగా, పచ్చి తొక్కల్లో కర్బనం అంతకంటే బాగా తక్కువగా ఉంటుంది. ఆ లోటును ఎండాకులు, కొబ్బరి పొట్టు, రంపపు పొట్టు వంటివి తీర్చాలి. ఇళ్లలో కంపోస్టు డబ్బాలు చెడిపోయేది చాలావరకు ఈ ఎండు సరుకు చాలకనే. తొక్కలను మరింత సన్నగా తరిగే యంత్రం ఆ లోటును తీర్చకపోగా, నీటిని త్వరగా వదిలించి దాన్ని ఇంకా పెంచుతుంది.

తెలుగిళ్ల వంటగదిలో రోజూ పోగయ్యే వాటిని విడివిడిగా చూస్తే ఈ సంగతి స్పష్టపడుతుంది. బీరపొట్టు, టమాటా తొడిమలు, ఆకుకూరల కాడలు, టీ పొడి, అరటిపండు తొక్కలకు ఏ కోతా అవసరం లేదు. ఇక్కడి ఎండలకు అవి కొద్ది రోజుల్లోనే రూపు మారిపోతాయి. పుచ్చకాయ, పనస తొక్కలను, క్యాబేజీ మొదళ్లను కత్తిపీట మీద రెండు మూడు అంగుళాల ముక్కలుగా కోస్తే చాలు, ఎలాగూ కూర తరుగుతున్నప్పుడు ఆ పని అరనిమిషంలో తీరుతుంది. ఇక మామిడి టెంకలు, కొబ్బరి చిప్పలు, మొక్కజొన్న బెండ్లు, చెరకు పిప్పి వంటివి నిజంగా మొండివి. కలప జాతి మొక్కలకు గట్టిదనాన్నిచ్చే లిగ్నిన్ అనే పదార్థం వీటిలో ఎక్కువ, దాన్ని జీర్ణం చేసుకోగల బూజులు తక్కువ. కోత వల్ల మేలు జరిగేది వీటికే, అయితే వంటింటి చాపర్ కత్తులు తెగ్గొట్టలేనివీ ఇవే. కోడిగుడ్డు పెంకుల సంగతి వేరు: అవి కాల్షియం కార్బొనేట్, ఎంతకాలమైనా కుళ్లవు, నేలలోని ఆమ్లానికి నెమ్మదిగా కరగవలసిందే గనుక వాటిని ఎండబెట్టి మెత్తగా దంచడంలో అర్థముంది. దానికి రోలు చాలు.

గట్టివాటికే బలప్రయోగం అనే ఈ విచక్షణ కొత్తదేమీ కాదు. 1924 నుంచి 1931 వరకు ఇండోర్‌లో పనిచేసిన వ్యవసాయ శాస్త్రవేత్త ఆల్బర్ట్ హోవర్డ్, యశ్వంత్ వాడ్‌తో కలిసి రూపొందించిన ఇండోర్ పద్ధతిలో పత్తి కట్టెను, కంది కంపను బాటల మీద పరిచి, రాకపోకల కింద నలగనిచ్చిన తరువాతే ఎరువుకు వాడేవారు. పచ్చి ఆకును, మెత్తని చెత్తను ఎవరూ బండి చక్రాల కింద వేయలేదు.

పరికరాల విషయానికి వస్తే, తాడు లాగే చాపర్ వంటకు మంచిదే, ఎరువుకు మాత్రం దాని గిన్నె చిన్నది, మునగకాడ పీచు చుట్టుకుంటే కత్తులు ఆగిపోతాయి, ప్రతిసారీ కడుక్కోవడం తరిగిన దానికంటే ఎక్కువ పని. మిక్సీలో వేసేవారు విద్యుత్తు గురించి బెంగపడనవసరం లేదు. 750 వాట్ల మిక్సీ ఐదు నిమిషాలు తిరిగినా ఖర్చయ్యేది యూనిట్‌లో పదహారో వంతు. అసలు చిక్కు జారులో ఉంది: తిండికి వాడే జారులోనే కుళ్లుపట్టిన తొక్కలు రుబ్బడం శుభ్రతకు విరుద్ధం, వేరే జారు పెట్టుకున్నా చేతికొచ్చేది నీళ్ల ముద్దే.

వేల రూపాయలు పోసి కొనే కరెంటు కంపోస్టర్ల పేరే కొంత తప్పుదారి పట్టిస్తుంది. వీటిలో ఎక్కువ భాగం చెత్తను వేడిచేసి, నీటిని ఆవిరిగా పంపి, మిగిలిన దాన్ని పొడిచేసే యంత్రాలు మాత్రమే. చెత్త బరువు బాగా తగ్గుతుంది, వాసన పోతుంది, ఈగలు ముసరవు; చోటు లేని ఇంటికి ఇవి చిన్న సౌకర్యాలు కావు. కానీ కొద్ది గంటల్లో వచ్చే ఆ పొడి ఎండిన ఆహారమే తప్ప ఎరువు కాదు, కుండీలో వేసి నీళ్లు పోస్తే బూజు పట్టి అప్పుడు కుళ్లడం మొదలుపెడుతుంది. లెక్క కూడా చూడదగినదే: కిలో నీటిని గది వేడిమి నుంచి ఆవిరి చేయడానికి దాదాపు 0.7 యూనిట్ల శక్తి కావాలి, రోజూ వేసే కిలో తొక్కల్లో 800 గ్రాముల నీరుంటుందనుకుంటే, వృథా ఏమీ లేకపోయినా నెలకు 17 యూనిట్ల వరకు అవుతుంది. ఎండ ఉచితంగా చేసే పనికి ఇది కొంచెం ఎక్కువే. వేడిచేసి పొడిచేయడానికి బదులు లోపల సూక్ష్మజీవులను పెంచి నిజంగానే కుళ్లబెట్టే రకాలూ ఉన్నాయి గనుక, కొనదలచినవారు అది ఏ జాతిదో ముందు తెలుసుకోవాలి. సింకు కింద బిగించే గ్రైండరును ఈ జాబితాలో చేర్చనవసరమే లేదు. అమెరికాలోని రసీన్ పట్టణంలో జాన్ హేమ్స్ అనే వాస్తుశిల్పి 1927లో రూపొందించిన ఆ యంత్రం చెత్తను మురుగు కాలువలోకి పంపుతుంది, మొక్కకు దక్కేది శూన్యం.

వానపాముల ఎరువు తయారుచేసేవారికి సన్నని కోత కొంత అక్కరకొస్తుంది, ఎందుకంటే పళ్లు లేని ఆ జీవులు మెత్తబడిన దాన్నే తినగలవు. అయితే మెత్తబరచడానికి కత్తే కానక్కరలేదు: తొక్కలను ఒక రాత్రి డీప్ ఫ్రీజర్‌లో ఉంచితే లోపలి నీరు గడ్డకట్టి కణాలను చీలుస్తుంది, కరిగాక అవి మెత్తని ముద్దలవుతాయి. ఊరిన నీటిని వంచేసి, ఎండాకులతో కలిపి వేయాలి.

యంత్రానికి పెట్టిన డబ్బు నిజంగా పనికొచ్చేది ఇంటి బయట, చెట్లున్న పెద్ద ఆవరణల్లో. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు 5,000 చదరపు మీటర్లకు మించిన గేటెడ్ కాలనీలు తడి చెత్తను వీలైనంతవరకు తమ ఆవరణలోనే శుద్ధి చేసుకోవాలని చెప్పాయి. అలాంటి చోట రాలే మామిడి, బాదం ఆకులు వెడల్పుగా, దళసరిగా ఉండి, తడిస్తే ఒకదానికొకటి అతుక్కుని గాలి చొరని చాపల్లా మారతాయి. ఆకుల్ని, కత్తిరించిన కొమ్మల్ని నలిపే తోట ష్రెడర్ ఆ చెత్తనంతా, తొక్కలకు కావలసిన ఎండు సరుకుగా మార్చి గుట్టగా పోస్తుంది. పది పన్నెండు అపార్టుమెంట్లు కలిసి ఒకటి కొనుక్కుంటే సరిపోతుంది. కొనేముందు అది ఎంత లావు కొమ్మను తీసుకుంటుందో, చేయి కత్తులదాకా చేరకుండా గొట్టం పొడవుగా ఉందో లేదో, ఎంత మోత చేస్తుందో చూసుకోవాలి. ఆకులను మాత్రం ఎండాక వేయాలి, తడివి వేస్తే అదీ మూసుకుపోతుంది.