32 శాతమా, 8 శాతమా?

2024లో హైదరాబాద్‌లో ఎన్ని ఇళ్లు అమ్ముడయ్యాయి? 76,613 అని ఒక లెక్క, 58,540 అని ఇంకో లెక్క, 36,974 అని మరో లెక్క. అంతకుముందు ఏడాదితో పోలిస్తే మొదటి లెక్కలో 7 శాతం పెరిగాయి, రెండో లెక్కలో 5 శాతం తగ్గాయి, మూడో లెక్కలో 12 శాతం పెరిగాయి. మూడూ పేపర్లలో వచ్చినవే. తమాషా ఏమిటంటే మొదటిదీ మూడోదీ ఇచ్చింది ఒకే స్థిరాస్తి సలహా సంస్థ, నైట్ ఫ్రాంక్. మధ్యది అలాంటిదే ఇంకో సంస్థ అనరాక్‌ది.

ధరల సంగతీ ఇంతే. 2024 జులై-సెప్టెంబరు నాటికి నగరంలో సగటు ధర చదరపు అడుగుకు 7,150 రూపాయలకు చేరిందని, ఏడాదిలో 32 శాతం పెరిగిందని అనరాక్ చెప్పింది. అదే ఏడాదికి నైట్ ఫ్రాంక్ చెప్పిన పెరుగుదల 8 శాతం. సైట్ ఆఫీసుకు వెళ్తే మీకు 32 శాతం అన్న పేపర్ కటింగే చూపిస్తారు. మీ పాత ఫ్లాటు అమ్మబోతే మాత్రం బేరానికొచ్చినవాడికి 8 శాతం అన్న కటింగే గుర్తుంటుంది.

ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఎవరు దేన్ని లెక్కపెట్టారన్న దగ్గరే తేడా అంతా.

76,613 అన్నది రిజిస్ట్రేషన్ల లెక్క. హైదరాబాద్, మేడ్చల్-మల్కాజిగిరి, రంగారెడ్డి, సంగారెడ్డి జిల్లాల సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుల్లో ఆ ఏడాది రిజిస్టరైన ఇళ్లన్నీ ఇందులో ఉంటాయి. కొత్త టవర్లో 30వ అంతస్తు ఫ్లాటూ ఉంటుంది, దిల్‌సుఖ్‌నగర్‌లో పాతికేళ్ల నాటి డబుల్ బెడ్‌రూమ్ చేతులు మారినా ఉంటుంది. మిగతా రెండూ బిల్డర్లు అమ్మిన కొత్త ఇళ్ల లెక్కలు. వాటిలో రీసేల్ ఉండదు. ఆ రెండిటి మధ్య 21 వేల తేడా ఎందుకంటే, ఎవరి జాబితాలో ఎన్ని ప్రాజెక్టులున్నాయి, నగరం ఎక్కడిదాకా అని ఎవరు ఎక్కడ గీత గీసుకున్నారు అన్నది ఎవరికి వారిదే. కాబట్టి ఒక సంస్థ అంకెను అదే సంస్థ నిరుటి అంకెతో పోల్చాలి తప్ప పక్క సంస్థ అంకెతో కాదు.

రిజిస్ట్రేషన్ల అంకెకు ఇంకో గుణం ఉంది. అది వెనక్కి చూస్తుంది. మన దగ్గర కట్టుబడిలో ఉన్న ఫ్లాటు బుక్ చేసుకుంటే ముందు అగ్రిమెంటు, తర్వాత వాయిదాలు. ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) వచ్చి తాళాలు చేతికిచ్చే వేళకే చాలామందికి సేల్ డీడ్ అవుతుంది. అంటే 2024లో రిజిస్టరైన కొత్త ఫ్లాట్లలో చాలావాటికి బేరం కుదిరింది 2021లోనో 2022లోనో. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా వచ్చింది, ఆగస్టు నుంచి కూల్చివేతల వార్తలు మొదలయ్యాయి. కొనేవాళ్లు చెరువుల మ్యాపులు, బఫర్ జోన్లు వెతుక్కోవడం మొదలుపెట్టారు. అలాంటి భయం బుకింగుల్లో వెంటనే తెలుస్తుంది. కొత్త ఫ్లాట్ల రిజిస్ట్రేషన్లలో అప్పుడే తెలియదు, ఎందుకంటే అవి ఎప్పుడో కుదిరిన బేరాలు. మార్కెట్ ఇవాళ ఎలా ఉందో రిజిస్ట్రేషన్ల అంకెను అడిగితే అది రెండు మూడేళ్ల కిందటి కబురు కూడా కలిపి చెబుతుంది.

ఇక డబ్బు దగ్గరికి వద్దాం. ఆ 76,613 ఇళ్ల రిజిస్ట్రేషన్ విలువ 47,173 కోట్లు. ఇళ్ల సంఖ్య 7 శాతమే పెరిగినా విలువ 23 శాతం పెరిగింది. భాగహారం చేస్తే ఒక్కో ఇంటికి సగటున 61.6 లక్షలు వస్తుంది. అంతకుముందు ఏడాదికంటే సుమారు 15 శాతం ఎక్కువ. అయితే ఇళ్ల ధరలు 15 శాతం పెరిగాయా? ఇక్కడే చాలామంది బోల్తా పడతారు.

ఏటా పది ఇళ్లు అమ్ముడయ్యే ఊరొకటి అనుకోండి. నిరుడు 50 లక్షల ఇళ్లు 8, కోటిన్నర ఇళ్లు 2 అమ్ముడయ్యాయి. సగటు 70 లక్షలు. ఈ ఏడు 50 లక్షలవి 6, కోటిన్నరవి 4 అమ్ముడయ్యాయి. సగటు 90 లక్షలు. పేపర్లో హెడ్డింగు, ‘ఇళ్ల ధరలు 29 శాతం జంప్’. నిజానికి ఏ ఇంటి ధరా ఒక్క రూపాయి పెరగలేదు. పెద్ద ఇళ్లు కొన్నవాళ్లు పెరిగారు, అంతే. హైదరాబాద్‌లో కొన్నేళ్లుగా జరుగుతున్నదాంట్లో ఇదీ పెద్ద భాగమే. కోటి దాటిన ఇళ్ల వాటా ఏటా పెరుగుతోంది. కోకాపేట, నార్సింగి, కొల్లూరు వైపు బిల్డర్లు కడుతున్నవే పెద్దవి. ధరలు పెరగలేదని నేననడం లేదు. పెరిగాయి. సగటు చెప్పినంత పెరగలేదంటున్నాను.

అయినా 61 లక్షల సగటేమిటి, ఆ డబ్బుకు గచ్చిబౌలిలో బాత్రూమ్ కూడా రాదంటారేమో. రిజిస్ట్రేషన్ విలువ అంటే దస్తావేజులో రాసిన విలువ. పాత ఫ్లాట్లు, శివార్ల ఫ్లాట్లు అందులో దండిగా ఉంటాయన్నది ఒక కారణం. రెండో కారణం అందరికీ తెలిసిందే. ప్రభుత్వ మార్కెట్ విలువకు కాస్త అటూ ఇటూగా దస్తావేజు రాసుకుని, మిగతాది ఇంకో రకంగా ఇచ్చిపుచ్చుకునే అలవాటు ఇంకా పోలేదు. పైగా 2021 జులైలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 6 నుంచి 7.5 శాతానికి పెంచారు, ప్రభుత్వ విలువలూ సవరించారు. 2022 ఫిబ్రవరిలో వాటిని మళ్లీ సవరించి అపార్ట్‌మెంట్లకు 25 శాతం పెంచారు. అలా పెంచినప్పుడల్లా దస్తావేజుల్లో అంకె పెరుగుతుంది. బజార్లో ధర పెరిగిందని దానికి అర్థం కాదు.

చదరపు అడుగు ధర మీద పెట్టుకున్న నమ్మకం కూడా కాస్త సడలించుకోవాలి. ఒక మామూలు కోటేషన్ తీసుకుందాం, సులువుగా ఉండాలని అంకెలు గుండ్రం చేశాను. 1,650 అడుగుల ఫ్లాటు, చదరపు అడుగు 7,000. అంటే కోటీ 15 లక్షల 50 వేలు. బ్రోచర్ మీద పెద్దక్షరాల్లో ఉండేది ఇదే. మీరు అడిగింది 18వ అంతస్తు. అయిదో అంతస్తు దాటాక అంతస్తుకు అడుగుకు 30 రూపాయల ఫ్లోర్ రైజ్, 13 అంతస్తులకు 6 లక్షల 43 వేలు. కారు పార్కింగు, క్లబ్‌హౌసు, అమెనిటీస్ కలిపి 8 లక్షలు. మొత్తం కోటీ 30 లక్షలకు వచ్చాం. దాని మీద జీఎస్టీ 5 శాతం, ఆరున్నర లక్షలు. రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం, 9 లక్షల 74 వేలు. కార్పస్ ఫండ్ అడుగుకు 70 చొప్పున లక్షా 15 వేలు. అంతా కూడితే కోటీ 47 లక్షలు. కప్‌బోర్డులు, ఫ్యాన్లు ఇందులో లేవు.

7,000 అన్న అడుగు ఇప్పుడు 8,900 దాటింది. అంతటితో అయిపోలేదు. ఆ 1,650 సూపర్ బిల్టప్. లిఫ్టు, మెట్లు, కారిడారు, లాబీలో మీ వంతు అంతా అందులోనే ఉంది. గోడల మధ్య మీరు చాప పరుచుకునే జాగా, అంటే కార్పెట్ ఏరియా, 1,130 అడుగులనుకుంటే మీరు కాలు పెట్టే ఒక్కో అడుగుకూ పడింది 13 వేలు. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) కార్పెట్ ఏరియా చెప్పి అమ్మమంటుంది. అగ్రిమెంట్లో అది రాస్తారు. కానీ బేరం, హోర్డింగు, పక్కింటివాళ్లతో గొప్పలు అన్నీ ఇప్పటికీ సూపర్ బిల్టప్ మీదే నడుస్తున్నాయి. రెండు ప్రాజెక్టులు ఒకే రేటు చెప్పినప్పుడు కార్పెట్ ఎక్కువ ఉన్నదే చవక. ఈ ఒక్క భాగహారం చేయకుండా సంతకం పెట్టేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది.

అసలు ధర పెరగడానికి మూలం నేల. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఒక ప్లాటుకు ఎకరా 100.75 కోట్లు పలికింది. ఎకరానికి 4,840 గజాలు కాబట్టి గజం 2 లక్షల 8 వేలు. ఆ వేలంలో 45.33 ఎకరాలకు వేలం వేసిన హెచ్‌ఎండీఏకు వచ్చింది 3,319.60 కోట్లు. సగటు చూస్తే ఎకరా 73 కోట్లే, కనిష్ఠం 67.25 కోట్లు. జనానికి గుర్తుండిపోయింది మాత్రం వంద కోట్లు. ఆ మర్నాటి నుంచి చుట్టుపక్కల గజం జాగా ఉన్నవాళ్లందరూ ఆ వంద కోట్ల లెక్కనే మాట్లాడారు. మరి అంత పెట్టి కొన్నవాళ్లకు ఎలా గిట్టుబాటవుతుంది? హైదరాబాద్‌లో 2006 నాటి జీవో 86 తర్వాత ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి, అంటే స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న హద్దు, లేదు. రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాకులు, ఎత్తు అనుమతులు కుదిరితే ఎంతైనా లేపొచ్చు. ఎకరంలో 5 లక్షల అడుగులు కట్టగలిగితే వంద కోట్ల నేల అడుగుకు రెండు వేలే పడుతుంది. అక్కడ ఆకాశహర్మ్యాలు లేవడానికి కారణం మోజు కాదు, ఈ లెక్క.

వడ్డీ తగ్గితే ఊరట కదా అంటారు. 60 లక్షల అప్పు, 20 ఏళ్లు, 8.5 శాతం అయితే ఈఎంఐ 52 వేల పైచిలుకు. వడ్డీ 7.5కు దిగితే 48,300. నెలకు 3,700 మిగులు. ఈలోగా ఇల్లు 15 శాతం పెరిగి అప్పు 69 లక్షలైతే ఆ తక్కువ వడ్డీకే ఈఎంఐ 55,600. వడ్డీ తగ్గే దాకా ఆగుదామనుకున్నవాళ్లు ఇక్కడ దెబ్బతిన్నారు. సగటు చెప్పినంతగా ధర పెరగని పేటల్లో ఆగినవాళ్లు మాత్రం నష్టపోలేదు.

ప్రభుత్వం వైపు లెక్కలు లేవా అంటే ఉన్నాయి. రిజర్వ్ బ్యాంకు ఇళ్ల ధరల సూచీలో చాలా ఏళ్లపాటు పదే నగరాలు, వాటిలో కాన్పూర్ ఉండేది గానీ హైదరాబాద్ ఉండేది కాదు. నేషనల్ హౌసింగ్ బ్యాంకు సూచీ రెసిడెక్స్‌లో హైదరాబాద్ ఉంది. అప్పులిచ్చేవాళ్లు కట్టిన వాల్యుయేషన్ల ఆధారంగా 2017-18ని వందగా తీసుకుని లెక్కిస్తారు. నిదానంగా కదులుతుంది కాబట్టి హెడ్డింగుల్లోకి రాదు. నాకు నచ్చేదీ అందుకే.

కానీ మీరు కొనేది సూచీని కాదు, ఫలానా వీధిలో ఫలానా ఫ్లాటును. తెలంగాణ రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైట్‌లో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) వెతికితే ఏ తేదీన ఎవరు ఎవరికి అమ్మారు, మార్కెట్ విలువ ఎంత, దస్తావేజులో రాసిన మొత్తం ఎంత అన్నది కనిపిస్తుంది. ఆ అపార్ట్‌మెంట్‌లోనే గత రెండేళ్లలో చేతులు మారిన మూడు ఫ్లాట్ల ఈసీలు తీయండి, తర్వాత వాచ్‌మన్‌తో పది నిమిషాలు మాట్లాడండి. అడ్వాన్సు చెక్కు అప్పుడు రాయండి.