టీవీకి పొట్ట ఎందుకుండేది?

రండర్రా, ఎండ తగ్గింది, అరుగు మీద సర్దుకుని కూర్చోండి. అటక మీంచి దించిన పాత టీవీని చూసి మన చిన్నది ఒక మాట అడిగింది: "తాతయ్యా, దీనికి వెనక అంత పొట్ట ఎందుకు?" అని. అడగాల్సిన ప్రశ్నే అది. ఇప్పుడు గోడకి తగిలించే టీవీ రెండు మూడు వేళ్ల మందం. అదేమో మూరెడు లోతు. ఆ లోతు ఊరికే పెట్టలేదు. బొమ్మ నడిచొచ్చే దారి అది.

ఆ పెట్టెలో ఉండేది పెద్ద గాజు బుడ్డి. పిక్చర్ ట్యూబు అనేవాళ్లం. లోపలి గాలంతా లాగేసి మూతి బిగిస్తారు. వెనక సన్నటి మెడలో వేడెక్కిన చోటి నుంచి ఎలక్ట్రాన్లు బయల్దేరతాయి. వేల వోల్టులు వాటిని ముందుకి లాగుతాయి. ముందు అద్దానికి లోపలివైపు ఒక పొడి పూసి ఉంటుంది. ఎలక్ట్రాన్ వచ్చి తగిలిన చోటల్లా ఆ పొడి వెలుగుతుంది. ఇలాంటి గొట్టాన్ని జర్మనీలో కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ 1897లోనే చేశాడు. టీవీ ఆయన ఊహలో కూడా లేదు. కరెంటు ఎలా ఊగుతుందో కళ్లతో చూడాలనుకున్నాడు, అంతే.

ఆ మెడ చుట్టూ రాగి తీగ చుట్లుంటాయి. వాటిలో కరెంటు పారితే అవి అయస్కాంతాలై ఎలక్ట్రాన్ల ధారని వంచుతాయి. ఎడమ నుంచి కుడికి ఒక గీత, మళ్లీ ఎడమకొచ్చి ఇంకో గీత. మన దేశం ఎంచుకున్న పద్ధతిలో ఒక బొమ్మకి 625 గీతలు, సెకనుకి 25 బొమ్మలు. అదీ ఒకేసారి కాదు. ముందు గీత విడిచి గీత గీసి, వదిలేసినవాటిని రెండో విడతలో పూర్తి చేస్తుంది. ఏదీ, 625ని 25తో గుణించండి చూద్దాం. 15,625! సెకనులో అన్ని గీతలన్నమాట. పాత టీవీ పెట్టగానే సన్నగా "కీ..." మని ఒక కూత వచ్చేది, అది ఈ లెక్కకి పుట్టిన మోతే. పిల్లలకి బాగా వినపడేది, మా తాతల వయసువాళ్లకి వినపడేది కాదు. వయసు మీద పడేకొద్దీ చెవి ముందుగా సన్నటి మోతల్నే వదులుకుంటుంది మరి.

ఇక పొట్ట సంగతి. ధార బయల్దేరేది ఒక్క చోటు నుంచి, చేరాల్సింది తెర నాలుగు మూలలకీ. మరీ దగ్గర నుంచి అంత వంచడం కష్టం. అందుకే మెడని వెనక్కి జరపాలి. తెర పెరిగితే పొట్టా పెరుగుతుంది. పైగా లోపల గాలి లేదు కాబట్టి బయటి గాలి నాలుగువైపులా నొక్కుతుంది, దానికి తట్టుకునేలా గాజు దళసరిగా పొయ్యాలి. 29 అంగుళాల టీవీని మోయడానికి ఇద్దరు పట్టేవాళ్లు.

మన పల్లెల్లోకి ఆ పొట్ట టీవీ వచ్చిన కథ కూడా వినండి. 1975 ఆగస్టు 1న సైట్ అనే ప్రయోగం మొదలైంది. అమెరికావాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకి ఏడాదిపాటు కార్యక్రమాలు పంపారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కోళ్ల గూళ్లకి వాడే ఇనప వలతో పదడుగుల యాంటెన్నా చేసి ఆకాశం వైపు తిప్పారు! టీవీలు తయారైంది హైదరాబాదులో, ఈసీఐఎల్‌లో. ఆ సంస్థని నిలబెట్టిన ఏ.ఎస్. రావుగారు పశ్చిమ గోదావరిలోని మోగల్లులో పుట్టినాయన. 1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం మొదలైంది, 1982లో రంగులొచ్చాయి. 1987లో రామాయణం మొదలయ్యాక ఆదివారం పొద్దున టీవీ ఉన్న ఇంటి గుమ్మంలో చెప్పులు పెట్టడానికి చోటుండేది కాదు.

ఆ రంగులు ఎన్నో తెలుసా? మూడే. ఎరుపు, ఆకుపచ్చ, నీలం. ఇప్పటికీ అంతే. నమ్మకపోతే సెల్‌ఫోను తెర మీద చిన్న నీటిబొట్టు వేసి, తెల్లగా ఉన్నచోట దగ్గరగా చూడండి. తెలుపు కనపడదు, ఆ మూడు రంగుల చుక్కలే కనపడతాయి.

పొట్ట కరిగించిన పదార్థం దొరికింది మాత్రం టీవీ పుట్టకముందే. 1888లో ప్రేగ్ నగరంలో రైనిట్జర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు క్యారెట్‌లోని కొలెస్టరాల్ మీద పనిచేస్తున్నాడు. దాన్నుంచి చేసిన ఒక పదార్థం 145 డిగ్రీల దగ్గర కరిగి మబ్బుగా ఉండిపోయింది, 178 దాటాకే తేటపడింది. రెండుసార్లు కరగడమేమిటని ఆయన విస్తుపోయాడు. అటు గట్టిదీ కాదు, ఇటు పూర్తి నీళ్లూ కాదు. అదే ద్రవస్ఫటికం.

కొమ్మమూరు కాలువ కింద పొలాల్లో వరి కోసి పనలు పరుస్తారు చూశారా? ఒక పన ముందుకుంటుంది, ఒకటి వెనక్కుంటుంది, వరస లెక్కేమీ ఉండదు. కానీ వెన్నులన్నీ ఒకే దిక్కుకి ఉంటాయి. ద్రవస్ఫటికంలో పొడుగాటి అణువులు అచ్చం అలాగే ఉంటాయి. ఇప్పుడు కింద పనలు తూర్పుకి, పై పనలు ఉత్తరానికి పరిచి, మధ్యవి కొంచెం కొంచెంగా తిప్పుకుంటూ పోయామనుకోండి. వెలుగు కూడా వాటితోపాటే మెలి తిరిగి బయటికొస్తుంది. కరెంటు ఇవ్వగానే అణువులన్నీ నిటారుగా నిలబడతాయి, మెలిక పోతుంది, మెలి తిరిగిన వెలుగునే వదిలే పై పొర దగ్గర వెలుగు ఆగిపోతుంది. ద్రవస్ఫటికాలతో చేసిన ఎల్‌సీడీ తెర అంటే ఇంతే. వెలుగు వెనక ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, ఒక్కో చుక్క దగ్గర దాన్ని వదలాలా ఆపాలా అన్నదే పని. ధార లేదు, కాబట్టి దూరమూ అక్కర్లేదు.

ఇదంతా ఎక్కడో విదేశాల చదువనుకోకండి. 1976లో మొదలైన మన నాగార్జున విశ్వవిద్యాలయంలో పిసిపాటి వి.జి.కె.ఎం. గారూ, ఆయన శిష్యులూ ఏళ్ల తరబడి ఇలాంటి పదార్థాలు తయారుచేసి, వేడి మారేకొద్దీ వాటి సాంద్రత ఎలా మారుతుందో కొలిచారు. మనకి బస్సు దూరంలో జరిగిన పని అది. నాకు తలుచుకుంటేనే ఒళ్లు పులకరిస్తుంది.

ఇక ఓఎల్ఈడీ అనే మరో రకం తెర. 1987లో కోడాక్ సంస్థలో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ దీనికి దారి వేశారు. ఇందులో వెనక దీపమే ఉండదు, ప్రతి చుక్కా తనే వెలుగుతుంది, నలుపు కావలసిన చోట ఆరిపోతుంది. మీ ఇంట్లో టీవీ ఏ రకమో తెలుసుకోవాలంటే రాత్రి గదిలో లైట్లన్నీ ఆర్పి, తెర మీద నల్లటి బొమ్మ పెట్టండి. నలుపులోంచి బూడిద వెలుగు లీలగా కనపడితే ఎల్‌సీడీ. తెర ఎక్కడుందో కూడా తెలియకపోతే ఓఎల్ఈడీ. రేపు చూసొచ్చి ఎవరింట్లో ఏముందో నాకు చెప్పండి.