కీళ్లనొప్పులన్నీ వాతమేనా? – ఎముకల వైద్యంలో తొలి పాఠాలు

నడుము పట్టింది, మోకాలు లాగుతోంది, మెడ తిరగడం లేదు అనగానే మన ఇళ్లలో వెలువడే మొదటి మాట "వాతం". వెంటనే అటక మీది తైలం సీసా క్రిందికి దిగుతుంది. ఆయుర్వేదం పట్ల మనకున్న విశ్వాసానికి ఇది గుర్తే. కాని శాస్త్రం చెప్పిన క్రమం ఇది కాదు. వ్యాధిని కలిగించిన హేతువును ముందుగా తొలగించడమే చికిత్సలో తొలి మెట్టు. దీనికే నిదాన పరివర్జనం అని పేరు. కొనకనమిట్ల, పొదిలి, మార్కాపురం, కనిగిరి, గిద్దలూరు మెట్ట ప్రాంతాల వారికి ఈ సూత్రం మరింత అవసరం. ఎందుకనగా ఇక్కడి కీళ్లనొప్పులలో కొన్నింటికి కారణం వయసులో కాక, త్రాగే నీటిలో ఉంటుంది.

ఎముకల బాధలను గృహస్థులు సులభంగా గుర్తుంచుకోవడానికి మూడు మాటలలో చెప్పుకోవచ్చు: విరగడం, అరగడం, బిగియడం. ఈ మూడింటికీ చికిత్సలు వేరు. ఒకదాని చికిత్స మరొకదానికి చేస్తే నొప్పి తగ్గకపోవడమే కాదు, హాని కూడా జరుగుతుంది.

ఎముకల వైద్యం అంటే...

పెద్దవారి శరీరంలో 206 ఎముకలు ఉంటాయని నేటి వైద్యశాస్త్రం లెక్కిస్తుంది. దంతాలు, మృదులాస్థులు మొదలైన వాటిని కూడా కలుపుకొని చరకుడు 360 అనీ, సుశ్రుతుడు 300 అనీ చెప్పారు. ఎముకలు, కీళ్లు, కండరాలు, వాటిని పట్టి ఉంచే స్నాయువులు – వీటన్నిటికీ సంబంధించిన వైద్యాన్ని నేడు ఆర్థోపెడిక్స్ అంటున్నాము. ఫ్రెంచి వైద్యుడు నికొలాస్ ఆండ్రీ 1741లో ఈ పేరు పెట్టాడు. "తిన్ననైన", "బిడ్డ" అని అర్థమిచ్చే రెండు గ్రీకు మాటల కలయిక ఇది. పిల్లల అవయవ వంకరలను సరిదిద్దే విద్యగా మొదలై, నేడు కీళ్ల మార్పిడి వరకు విస్తరించింది.

విరిగినప్పుడు

సుశ్రుత సంహిత ఈ బాధలను రెండుగా విభజించింది. కీలు తొలగడం సంధిముక్తం. ఇది ఆరు విధాలు. ఎముక విరగడం కాండభగ్నం; ఇది పన్నెండు విధాలు. విరిగిన భాగాన్ని సరిచేసి, మర్రి, మేడి, రావి, మద్ది మొదలైన చెట్ల పట్టలను బద్దలుగా పెట్టి కట్టు కట్టాలని సుశ్రుతుడు చెప్పాడు. చలికాలంలో ఏడు రోజులకు, సమశీతోష్ణ కాలంలో ఐదు రోజులకు, వేసవిలో మూడు రోజులకు కట్టు మార్చాలని కూడా నియమించాడు. చిన్న వయసులో ఒక నెలలో అతికే ఎముకకు నడివయసులో రెండు నెలలు, వృద్ధాప్యంలో మూడు నెలలు పడుతుందని చెప్పిన మాట నేటి అనుభవానికీ దగ్గరగానే ఉంది.

మన రాష్ట్రంలో ఈ సంప్రదాయానికి ప్రసిద్ధి చెందినది చిత్తూరు ప్రాంతపు పుత్తూరు కట్టు. ప్రకాశం నుండి కూడా అక్కడికి వెళ్లివచ్చేవారు ఉన్నారు. ఏ కట్టు కట్టించుకున్నా ముందుగా ఎక్స్‌రే తీయించడం మంచిది. ఎముక చర్మాన్ని చీల్చుకొని బయటికి వచ్చినా, తుంటి, వెన్నెముక, తల దెబ్బతిన్నా, కీలు లోపల ఎముక చిట్లినా కట్టుతో కాలయాపన చేయక శస్త్రవైద్యుని వద్దకే తీసుకుపోవాలి.

దెబ్బ తగిలిన వెంటనే ఇంటివారు చేయవలసినది ఒక్కటే: ఆ భాగాన్ని కదలనీయకుండా కర్రబద్దకో, మందమైన అట్టకో ఆనించి గుడ్డతో కట్టడం. విరిగిన చోట మర్దన చేయడం, లాగి సరిచేయడం పనికిరాదు. మడమ బెణికితే మొదటి రెండు రోజులు చల్లని నీటి గుడ్డ వేసి, కాలిని ఎత్తుగా ఉంచాలి. వేడి కాపడం ఆ తరువాతనే. కట్టు కట్టిన తరువాత వ్రేళ్లు నీలిరంగుకు తిరిగినా, తిమ్మిరెక్కినా, నొప్పి భరించరానిదైనా, అర్ధరాత్రి అయినా సరే, కట్టు వదులు చేసి వైద్యశాలకు తీసుకుపోవాలి. బిగువు కట్టు వలన రక్తప్రసారం ఆగి అవయవమే పోయే ప్రమాదం ఉంది.

అరిగినప్పుడు

వయసు మీరిన కొద్దీ కీలులోని మృదులాస్థి అరిగి, ముఖ్యంగా మోకాళ్లలో నొప్పి, వాపు, చప్పుడు వస్తాయి. ఆయుర్వేదంలో దీనిని సంధివాతంగా గుర్తిస్తారు. గృహవైద్యం ఎక్కువగా ఉపకరించేది ఈ దశలోనే.

వావిలాకును నీటిలో మరిగించి, ఆ వేడినీటిలో గుడ్డ ముంచి పిండి, రోజుకు రెండు పూటలా పది నిమిషాలు కాపడం పెట్టవచ్చు. ఆముదపు ఆకుకు కొంచెం ఆముదం పూసి వెచ్చచేసి కట్టినా ఉపశమనం కలుగుతుంది. వేయించిన ఇసుక మూట కాపడం మన పెద్దలు ఎరిగినదే. మధుమేహం వలన పాదాలలో స్పర్శ తగ్గినవారు మాత్రం వేడి విషయంలో జాగ్రత్తగా ఉండాలి. వారికి చర్మం కాలినా తెలియదు.

అయితే తైలం కంటే మోకాలికి ఎక్కువ మేలు చేసేది తొడ కండరపు బలం. కుర్చీలో కూర్చొని కాలిని తిన్నగా చాచి, పది అంకెలు లెక్కించే వరకు ఆపి దించాలి. ఒక్కొక్క కాలికి పదిసార్లు, రోజుకు రెండు పూటలా చేస్తే కొద్ది వారాలలో తేడా తెలుస్తుంది. బరువు ఉన్నవారు తగ్గాలి. గొంతుకూర్చోవడం మానాలి.

ఉదయం లేవగానే చేతివ్రేళ్లు గంటకు పైగా బిగుసుకుపోయి, రెండు వైపులా చిన్న కీళ్లు వాస్తే అది అరుగుదల కాదు. ఆయుర్వేదం చెప్పిన ఆమవాతానికి దగ్గరి వ్యాధి. కాలి బొటనవ్రేలు రాత్రికి రాత్రి ఎర్రగా వాచి ముట్టుకోనీయకపోతే వాతరక్తం అని అనుమానించాలి. వీటికి రక్తపరీక్ష, వైద్యుని పర్యవేక్షణ తప్పనిసరి.

బిగిసినప్పుడు – మన ప్రాంతపు సమస్య

ఇక మూడవది. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, ఆయన సహచరులు 1937లో నాటి నెల్లూరు జిల్లా గ్రామాలలో ఒక వింత వ్యాధిని వర్ణించారు. మనుషుల వెన్నెముక కర్రవలె బిగుసుకుపోవడం, కీళ్లు కదలకపోవడం, పళ్లపై గోధుమరంగు చారలు – వీటికి మూలం నూతి నీటిలోని ఫ్లోరైడ్ అని తేల్చారు. మనుషులలో అస్థి ఫ్లోరోసిస్‌ను మన దేశంలో మొదట గుర్తించిన సందర్భం ఇదే. పొదిలి, కనిగిరి, దర్శి తాలూకాలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోనివి. 1970లో ఒంగోలు కేంద్రంగా ఏర్పడి, 1972లో ప్రకాశం పేరు పొందిన జిల్లాలో అవి చేరాయి. ప్రపంచ వైద్య గ్రంథాలలోకి ఎక్కిన ఈ వ్యాధి మన పొరుగు గ్రామాల వ్యాధి అన్నమాట.

నేలలోని రాళ్లలో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలు ఉంటాయి. వానలు తక్కువై, నీరు రాళ్ల మధ్య ఎక్కువ కాలం నిలిచినప్పుడు ఆ ఖనిజాలు కరిగి నీటిలో చేరుతాయి. కనుక చెరువు నీటి కంటే బోరు నీటిలోనే ఈ భయం ఎక్కువ. మన దేశపు ప్రమాణం ప్రకారం త్రాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు మంచిది. వేరే నీరు దొరకనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు.

శరీరంలో చేరిన ఫ్లోరైడ్‌లో కొంత మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది. మిగిలినది ఎముకలో నిలుస్తుంది. పెరిగే పిల్లలలో నిలిచే భాగం ఇంకా ఎక్కువ. ఏళ్ల తరబడి ఇలా చేరితే ఎముక దట్టమవుతుంది కాని పెళుసవుతుంది. స్నాయువులలో సున్నం పేరుకొని అవి కూడా ఎముకవలె గట్టిపడతాయి. ముదిరిన దశలో వెన్ను వంగిపోతుంది. వెన్నుపాము నొక్కుకుపోయి కాళ్లు చచ్చుబడవచ్చు.

ఇంట్లోనే చేసుకోదగిన మూడు పరీక్షలు ఉన్నాయి. మోకాళ్లు వంచకుండా వంగి నేలను తాకగలరా? గడ్డాన్ని ఛాతీకి ఆనించగలరా? చేతులు ప్రక్కలకు చాచి, మడిచి, తల వెనుక భాగాన్ని తాకగలరా? నడివయసు దాటకుండానే ఇవి చేయలేకపోతూ, ఇంట్లో పిల్లల పళ్లపై చారలు కూడా కనిపిస్తే ఫ్లోరోసిస్‌ను అనుమానించాలి. మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష, ముంజేతి ఎక్స్‌రే నిర్ధారణకు తోడ్పడతాయి.

నీటి విషయంలో అపోహలు

ఫ్లోరైడ్‌కు రంగు, రుచి, వాసన లేవు. తేటగా, తియ్యగా ఉన్నంత మాత్రాన నీరు మంచిదని అనుకోరాదు. కాచినందువలన ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైన మేరకు మిగిలిన దానిలో ఇంకా చిక్కబడుతుంది. రాగి బిందెలో నిలువ చేసినా, చిల్లగింజ అరగదీసి తేర్చినా సరిపోదు. గ్రామీణ నీటి సరఫరా శాఖ వారి ప్రయోగశాలలో నీటిని పరీక్ష చేయించడం ఒక్కటే మార్గం.

పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను పేర్చి తీసే "నల్గొండ పద్ధతి"ని నాగపూరులోని నీరీ సంస్థ 1970 దశకంలో రూపొందించింది. నీటిలోని ఫ్లోరైడ్ మోతాదును బట్టి పటిక కొలత మారుతుంది కనుక తెలిసినవారి సలహా లేకుండా చేయరాదు. ఇళ్లలో ఆర్.ఓ. యంత్రం, ఊళ్లలో శుద్ధజల కేంద్రం నీరు ఉపయోగపడతాయి. చాలామంది శుద్ధజలాన్ని త్రాగడానికి మాత్రమే ఉంచుకొని, అన్నం, పప్పు, టీ బోరు నీటితోనే చేస్తారు. వంటనీటి ద్వారా కూడా ఫ్లోరైడ్ శరీరంలో చేరుతుంది కనుక గృహిణులు ఈ రెంటినీ మార్చాలి. దాచిన వాననీరు ఈ దోషం దాదాపు లేనిది. శ్రీశైలం జలాశయం నుండి కృష్ణా నీటిని సొరంగాల ద్వారా ఈ ప్రాంతానికి తెచ్చే వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. ఆ లక్ష్యాలలో త్రాగునీరు కూడా ఒకటి.

ఆహారం – ఔషధం

కాల్షియం తగినంత ఉన్న ఆహారం ప్రేగులలో ఫ్లోరైడ్‌ను కొంత వరకు అడ్డుకుంటుంది. 100 గ్రాముల రాగులలోనూ, అంతే మునగాకులోనూ 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. పాలు, పెరుగు, ఉసిరి, జామ వాడుకోవాలి. నల్ల ఉప్పు, చిక్కని టీ ఫ్లోరైడ్‌ను పెంచేవి కనుక తగ్గించాలి.

మన వంటింటి చింతపండుకు కూడా ఇందులో పాత్ర ఉంది. రోజుకు 10 గ్రాముల చింతపండు తీసుకున్న బాలురలో మూత్రం ద్వారా ఫ్లోరైడ్ విసర్జన పెరిగినట్లు హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2002లో ప్రకటించారు. ఇది తోడు మాత్రమే. నీటి మార్పుకు బదులు కాదు.

అస్థిసంహారి అని పేరున్న నల్లేరు విరిగిన ఎముకలు అతకడానికి తోడ్పడుతుందని జంతువులపై జరిగిన పరిశోధనలలో కనిపించింది. చేతులకు నూనె రాసుకొని, లేత నల్లేరు కాడల అంచుల నార తీసి, నూనెలో బాగా వేయించి, చింతపండు, మిరపకాయలతో పచ్చడి చేస్తే దురద ఉండదు.

నొప్పి బిళ్లలను, సూదిమందులను ఏళ్ల తరబడి వాడటం ఈ ప్రాంతంలో రెట్టింపు ప్రమాదం. అవి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. మూత్రపిండాలు దెబ్బతింటే ఫ్లోరైడ్ బయటికి పోయే దారి మూసుకుపోతుంది. లోహభస్మాలు కలిసిన గుగ్గులు ఔషధాలను కూడా వైద్యుని సలహా లేనిదే వాడరాదు.

ఆలస్యం చేయరాని లక్షణాలు

కాళ్లలో బలహీనత, తిమ్మిరి, మలమూత్రాలపై పట్టు తప్పడం. జ్వరంతో కీలు వాపు. రాత్రివేళ పెరిగే నడుమునొప్పితో బరువు తగ్గడం. పిల్లల కాళ్లు దొడ్డికాళ్లుగానో, మోకాళ్లు ఒరుసుకొనేలాగానో వంగడం – వీటిలో ఏది కనిపించినా గృహచికిత్సతో కాలం గడపక ఎముకల వైద్యుని చూడాలి.

ఫ్లోరైడ్ చేరి పూర్తిగా బిగిసిన వెన్నెముకను మునుపటి స్థితికి తెచ్చే ఔషధం ఏ వైద్యంలోనూ లేదు. తొలిదశలోనే నీరు, ఆహారం మార్చినవారికి నొప్పులు తగ్గే అవకాశం ఉంది. పసితనం నుండి మంచినీరు త్రాగిన బిడ్డకు ఈ వ్యాధి రాదు. కనుక ఇంట్లో ఎవరైనా నడుము పట్టిందని అన్న రోజున తైలం సీసాతో పాటు ఒక సీసా బోరు నీరు కూడా చేతపట్టండి. మొదటిది మర్దనకు, రెండవది పరీక్షకు.