అకేడియనుల వంశవృక్షము

కెనడా తూర్పుతీరమునందలి నేటి నోవా స్కోషియా ప్రాంతమును పూర్వము ఫ్రెంచివారు అకేడియా యనిరి. 1671 నాటి జనాభా లెక్కలో అచ్చటి ఫ్రెంచివారు సుమారు 400 మంది మాత్రమే. వారి సంతతివారిని 1755 నుండి బ్రిటిషువారు వెడలగొట్టిరి. చెదరినవారిలో పలువురు 1765 మొదలు లూయిజియానా చేరిరి.

అచ్చట 1721 నాటికే జర్మను కుటుంబములు స్థిరపడినవి. ఫ్రెంచి వ్రాయసగాండ్ర చేతిలో వారి పేర్లు మారిపోయినవి. జర్మను భాషలో 'త్స్వైగ్' అనగా కొమ్మ. ఆ యింటిపేరు అదే అర్థముగల 'లాబ్రాంష్' అయినది. కావున ఇంటిపేరునుబట్టి మాత్రమే పూర్వీకులను నిర్ణయింపరాదు. చర్చి రిజిస్టర్లలోని జనన, వివాహ, మరణ వివరములను ఒకదానితో నొకటి సరిచూడవలెను.

ఈ శ్రమ యెందుకు? కొద్దిమందినుండి పెరిగి, తమలో తామే వివాహములాడిన సమాజములో, ఒక్క మూలపురుషుని జన్యులోపము పెక్కుమందికి సంక్రమింపవచ్చును. దీనినే స్థాపక ప్రభావ మందురు. అకేడియనులలో కనబడు అషర్ వ్యాధి ఇట్టిదే. పుట్టుకతోనే చెవుడు, బాల్యములో రేచీకటి మొదలై క్రమముగా చూపు తగ్గును. దీనికి మూలమైన జన్యువు 11వ క్రోమోసోములో నున్నది. దానిని 2000లో గుర్తించిరి.

లోపముగల జన్యువు తల్లిదండ్రులిద్దరినుండియు వచ్చిననే వ్యాధి కలుగును. ఇద్దరును వాహకులైనచో ప్రతి బిడ్డకును ఆ ప్రమాదము 4లో 1 వంతు. చెవిటి శిశువు తల్లిదండ్రుల వంశవృక్షములు ఒక్క అకేడియను పూర్వీకునివద్ద కలిసినచో, వైద్యుడు ఈ వ్యాధిని శంకించి జన్యుపరీక్ష చేయించును. అప్పుడు చూపు తగ్గకమునుపే వినికిడి పరికరము నమర్చి, బిడ్డకు మాటలు నేర్పుటకు వ్యవధి చిక్కును.