ఎం1911 పిస్తోలు ఎంపిక

ఎం1911 పిస్తోలు అమెరికా సంయుక్త రాష్ట్రాల సైన్యము 1911 మార్చి 29న స్వీకరించిన చేతి తుపాకీ. జాన్ మోసెస్ బ్రౌనింగ్ రూపకల్పన చేయగా కోల్ట్ కంపెనీ దీనిని తయారు చేసినది. 0.45 అంగుళాల (11.43 మి.మీ.) క్యాలిబర్ గల ఈ పిస్తోలు 1985 వరకు, అనగా 74 సంవత్సరాల పాటు, ఆ సైన్యానికి ప్రామాణిక చేతి తుపాకీగా ఉన్నది. గుండు ఎంత పెద్దది కావాలి, తుపాకీ ఎంత నమ్మకంగా పనిచేయాలి అనే రెండు ప్రశ్నలూ దీని ఎంపికలో ఎదురైనవి. మొదటి ప్రశ్నకే ఎక్కువ ప్రచారము లభించినది కాని, తుది నిర్ణయము జరిగినది రెండవదాని మీద.

నేపథ్యము

1892లో అమెరికా సైన్యము పాత 0.45 అంగుళాల రివాల్వరు స్థానంలో 0.38 అంగుళాల కోల్ట్ రివాల్వరును ప్రవేశపెట్టినది. పేల్చినపుడు ఇది వెనుకకు తన్నడము తక్కువ. తూటాలను కూడా త్వరగా మార్చుకొనవచ్చును. 1899లో ఫిలిప్పీన్స్ యుద్ధము మొదలైన తరువాత, ముఖ్యంగా దక్షిణ ద్వీపాలలో మోరో యోధులతో జరిగిన పోరాటాలలో, దీని మీద ఫిర్యాదులు వచ్చినవి. కత్తి దూసి మీదికి వచ్చే మనిషి గుండ్లు తగిలిన తరువాత కూడా ఆగేవాడు కాదు. ఆ గాయాలతో అతడు కొంతసేపటికి మరణించవచ్చును గాని, ఈ లోపల ఎదుటి సైనికుడిని నరికివేయగలడు. 1905లో సమర్ ద్వీపంలో పారిపోబోయిన ఒక ఖైదీని దగ్గర నుండి నాలుగుసార్లు కాల్చినా పడిపోలేదు. చివరకు తుపాకీ మడమతో నుదుటి మీద కొట్టి అతడిని లొంగదీశారు. సైన్యము గిడ్డంగులలోని పాత 0.45 రివాల్వర్లను వెలికితీసి మరల పంపిణీ చేయవలసి వచ్చినది.

ఇక్కడ ఒక విషయము గమనించవలెను. అదే యుద్ధంలో రైఫిలు గుండ్లు తగిలినవారు కూడా కొందరు ఆగకుండా ముందుకు వచ్చినట్లు చెప్పబడినది. కనుక తప్పంతా 0.38 గుండుదే అనడము సరికాదు.

1904 పరీక్షలు

ఏ గుండు మనిషిని వెంటనే నిలువరించగలదో తేల్చుటకు ఆయుధ శాఖకు చెందిన జాన్ థాంప్సన్, సైనిక వైద్యుడు లూయీ లాగార్డ్ 1904లో చికాగో పశువధశాలలో పరీక్షలు జరిపారు. బ్రతికి ఉన్న పశువులను, మానవ కళేబరాలను వివిధ తుపాకులతో కాల్చి చూశారు. కళేబరాలను వ్రేలాడదీసి, గుండు తగిలినపుడు ఎంత ఊగినవో, ఎముకలు ఎలా విరిగినవో నమోదు చేశారు.

నేటి దృష్టితో చూస్తే ఇవి పటిష్ఠమైన పరీక్షలు కావు. పశువుల సంఖ్య చాల తక్కువ. మొదట గుండు తగిలిన పశువు పడిపోవుటకు పట్టిన కాలాన్ని లెక్కించి, తరువాత పద్ధతి మార్చి పడిపోయే వరకు వరుసగా కాల్చారు. ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగలేదు. అయినను సైనిక పిస్తోలు క్యాలిబర్ 0.45 అంగుళాలకు తగ్గరాదని నివేదికలో సిఫారసు చేశారు. అందులోనే ఉన్న మరొక మాటను తరువాతివారు అంతగా పట్టించుకొనలేదు. శరీరంలోని కీలక స్థానాలలో తగలనిదే ఏ చేతి తుపాకీ గుండూ మనిషిని తప్పక ఆపుతుందని చెప్పలేము, కనుక గురి తప్పకుండా కాల్చుటలో సైనికులకు నిరంతర శిక్షణ ఇవ్వవలెను అన్నది ఆ మాట.

పోటీ

ఈ సిఫారసు తరువాత 0.45 క్యాలిబర్ గల స్వయంచాలక పిస్తోళ్ళకు 1907లో పోటీ జరిగినది. కోల్ట్, సావేజ్, జర్మనీకి చెందిన లూగర్ పిస్తోళ్ళు ముఖ్యమైనవి. లూగర్ తప్పుకొనగా చివరకు కోల్ట్, సావేజ్ మిగిలినవి. అశ్వికదళము కోరికపై కోల్ట్ పిస్తోలుకు బొటనవ్రేలితో నొక్కే రక్షణ మీట చేర్చబడినది. బెదిరిన గుర్రాన్ని ఒక చేతితో అదుపు చేసే రౌతు, రెండవ చేతిలోని పిస్తోలు పొరపాటున పేలకుండా ఆ చేతితోనే భద్రపరచగలగాలి.

1911 మార్చిలో జరిగిన తుది పరీక్షలో ఒక్కొక్క పిస్తోలుతో 6,000 తూటాలు పేల్చారు. ప్రతి 100 తూటాలకు ఒకసారి 5 నిమిషాలు చల్లారనిచ్చి, ప్రతి 1,000కి ఒకసారి శుభ్రపరచి నూనె వేశారు. ఆ తరువాత లోపమున్న తూటాలతోను, ఇసుకలోను, బురదలోను, ఆమ్లంతో త్రుప్పు పట్టించియు పరీక్షించారు. 6,000 తూటాలలో సావేజ్ 37 సార్లు మొరాయించగా కోల్ట్ ఒక్కసారి కూడా మొరాయించలేదు. రెండింటిదీ ఒకే క్యాలిబర్ కనుక ఎంపికను నిర్ణయించినది గుండు పరిమాణము కాదు, పనితీరే.

ఇందులో వాడే గుండు బరువు సుమారు 15 గ్రాములు, వేగము సెకనుకు సుమారు 250 మీటర్లు. పాత 0.38 గుండు బరువు సుమారు 10 గ్రాములే.

తరువాతి మార్పులు

1920లలో స్వల్ప మార్పులతో ఎం1911ఎ1 వచ్చినది. మొత్తము సుమారు 27 లక్షల పిస్తోళ్ళు సైన్యానికి చేరినవి. రెండవ ప్రపంచ యుద్ధము తరువాత కొత్తవి కొనకుండా పాతవాటినే బాగుచేస్తూ వాడటము వలన అవి అరిగిపోయినవి. నాటో దేశాలు 9 మి.మీ. తూటాను ప్రామాణికము చేసుకొన్నవి. 1985లో ఇటలీ సంస్థ బెరెట్టా రూపొందించిన 9 మి.మీ. పిస్తోలు ఎం9 పేరుతో ఎంపికైనది. పాతదాని మ్యాగజైనులో 7 తూటాలు పట్టగా దీనిలో 15 పడతాయి. అయితే 1987-88లో కొన్ని ఎం9ల పై భాగమైన స్లైడు విరిగి వెనుకకు ఎగిరి, కాల్చినవారి ముఖానికే గాయాలైనవి. విరిగినా ఊడి రాకుండా ఆపే ఏర్పాటు తరువాత చేర్చబడినది. 2017లో ఎం9 స్థానంలో సిగ్ సావర్ సంస్థ పిస్తోలును ఎంపిక చేశారు. దానిదీ 9 మి.మీ. క్యాలిబరే.

భారత సైన్యము వాడుకలో ఉన్న ప్రామాణిక పిస్తోలు కూడా 9 మి.మీ. క్యాలిబర్ కలదే. పశ్చిమ బెంగాల్‌లోని ఈషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారయ్యే ఈ పిస్తోలుకు మూలమైన హై-పవర్ నమూనా రూపకల్పనను ప్రారంభించినది కూడా బ్రౌనింగే. 1926లో అతడు మరణించగా, దానిని బెల్జియం ఇంజనీరు ద్యుదోనె సైవ్ పూర్తిచేశాడు.