పంటు మీద కారు: రేవు దాటే ప్రయాణానికి ప్రణాళిక

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• వాహనాలను దాటించే రేవులు ఎన్ని రకాలో చెప్పగలుగుతారు.
• పోటు, వరద, రద్దీ రేవు ప్రయాణంపై చూపే ప్రభావాన్ని వివరించగలుగుతారు.
• చివరి పంటు వేళ నుంచి వెనక్కి లెక్కించి ప్రయాణ కాలపట్టిక తయారు చేయగలుగుతారు.
• రేవు మూసివేస్తే అనుసరించవలసిన ప్రత్యామ్నాయాన్ని ముందుగానే నిర్ణయించుకోగలుగుతారు.

1. పరిచయం

టేక్మాల్ పరిసరాల్లో ఉండేవారికి ఏడుపాయల తెలిసిన చోటే. అక్కడ మంజీర ఏడు పాయలుగా చీలి మళ్లీ కలుస్తుంది. వరద వచ్చినప్పుడు వనదుర్గ గుడి నీట మునిగి, దర్శనానికి దారి మూసుకుపోవడం మీరు చూసే ఉంటారు. ఆ రోజు ఊళ్లో చినుకు కూడా పడి ఉండకపోవచ్చు. నీరు పైనుంచి వస్తుంది. ఈ పాఠానికి మూలసూత్రం ఇదే: నీటిని దాటే ప్రయాణంలో మీ తలపై ఉన్న ఆకాశాన్ని చూస్తే చాలదు, నది పైభాగాన్ని, కింద ఉన్న సముద్రాన్ని కూడా చూడాలి.

మంజీర నిజామాబాద్ జిల్లా కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. గోదావరి ధవళేశ్వరం దగ్గర గౌతమి, వసిష్ఠ అనే రెండు ముఖ్య పాయలుగా చీలుతుంది. ఈ రెండు పాయలకు, బంగాళాఖాతానికి నడుమ ఉన్న భూభాగమే కోనసీమ. మూడు వైపులా నీరున్న ఈ సీమకు కారుతో సహా వెళ్లడానికి వంతెనలతో పాటు రేవులూ ఉన్నాయి. వాటిలో వసిష్ఠపై ఉన్న నరసాపురం–సఖినేటిపల్లి రేవును ఉదాహరణగా తీసుకుందాం. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి ఆలయానికి వెళ్లేవారు ఎక్కువగా వాడే దారి ఇది.

2. రేవుల రకాలు

వాహనాలను దాటించే రేవులను ప్రణాళిక దృష్ట్యా రెండు రకాలుగా విభజించవచ్చు.

(అ) వేళల ప్రకారం నడిచేవి: ముంబయి నుంచి మాండ్వాకు నడిచే రో-రో ఓడ ఇందుకు ఉదాహరణ. వాహనం ఒకవైపు నుంచి ఎక్కి నేరుగా దిగే ఏర్పాటును రో-రో అంటారు. బయలుదేరే సమయం ముందే తెలుస్తుంది, టికెట్టు ముందే కొనుక్కోవచ్చు.

(ఆ) నిండితే కదిలేవి: నరసాపురం–సఖినేటిపల్లి, కోటిపల్లి–ముక్తేశ్వరం వంటి గోదావరి రేవులు ఈ రకానికి చెందుతాయి. ఇక్కడ వాహనాలను దాటించేది పంటు. రెండు పడవలను పక్కపక్కన కట్టి, వాటిపై బల్లలు పరచి చేసిన వేదికను పంటు అంటారు. ఇప్పుడు ఇంజను అమర్చిన పంటులు నడుస్తున్నాయి. రేవు నడిపే హక్కును స్థానిక సంస్థలు వేలం పాట ద్వారా ఇస్తాయి. పాటదారుడికి ప్రతి దాటింపూ ఖర్చే కాబట్టి వాహనాలు, మనుషులు సరిపడా చేరితేనే పంటు కదులుతుంది.

మొదటి రకంలో మీరు గడియారం చూసి ప్రణాళిక వేస్తారు. రెండవ రకంలో నిరీక్షణకు కూడా సమయం కేటాయించాలి.

3. ప్రయాణాన్ని ప్రభావితం చేసే అంశాలు

3.1 ఆటుపోట్లు: వసిష్ఠ అంతర్వేది వద్ద సముద్రంలో కలుస్తుంది. రేవు సముద్రానికి దగ్గరగా ఉండటం వల్ల నీటిమట్టం రోజుకు రెండుసార్లు పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. పోటు వేళ ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. అమావాస్య, పున్నమి రోజుల్లో ఎక్కువ తక్కువల తేడా పెద్దదిగా ఉంటుంది. నీరు తగ్గినప్పుడు రేవులో దిగే వాలు నిటారుగా మారుతుంది. అడుగుభాగం కిందికి ఉన్న కారు బల్లలకు తగిలే అవకాశం ఉంది. నిన్న సులభంగా ఎక్కిన కారు ఈ రోజు అదే వేళకు ఇబ్బంది పడటానికి కారణం ఇదే.

3.2 వరద: గోదావరికి ముఖ్యంగా జూలై నుంచి సెప్టెంబరు వరకు వరదలు వస్తాయి. భద్రాచలం వద్ద నీటిమట్టం 43, 48, 53 అడుగులకు చేరినప్పుడు వరుసగా మొదటి, రెండవ, మూడవ హెచ్చరికలు జారీ చేస్తారు. ధవళేశ్వరం వద్ద ప్రవాహాన్ని బట్టి 10, 13, 17 లక్షల క్యూసెక్కులకు ఇదే విధంగా హెచ్చరికలు ఉంటాయి. భద్రాచలం ఎగువన ఉంది కాబట్టి అక్కడి హెచ్చరిక కోనసీమకు వెళ్లేవారికి ముందస్తు సమాచారం. 2022 జూలైలో భద్రాచలం వద్ద నీరు 71 అడుగులు దాటింది, కోనసీమ లంకలు మునిగాయి. వరద ఉధృతంగా ఉన్నప్పుడు అధికారులు పంటులను ఆపివేస్తారు.

ఇది కేవలం అసౌకర్యానికి సంబంధించిన విషయం కాదు. 2019 సెప్టెంబరు 15న, గోదావరి వరదలో ఉండగా పాపికొండలకు బయలుదేరిన పర్యాటక బోటు కచ్చులూరు వద్ద మునిగి పదుల సంఖ్యలో ప్రయాణికులు మరణించారు. బోటులో హైదరాబాదు, వరంగల్ ప్రాంతాల వారూ ఉన్నారు. ఇంత దూరం వచ్చాం గదా అనే ఆలోచన దూరప్రాంత ప్రయాణికులను తొందరపెడుతుంది. వెనుదిరగడానికి కూడా ప్రణాళికలో చోటుండాలి.

3.3 రద్దీ: మాఘమాసంలో అంతర్వేది కల్యాణం, భీష్మ ఏకాదశి నాటి రథోత్సవం సమయంలో రేవులో జనం పోటెత్తుతారు. ఆ రోజుల్లో కారుతో రేవు దాటాలనుకోకపోవడమే మేలు.

4. ప్రణాళిక తయారీ: ఒక ఉదాహరణ

టేక్మాల్ నుంచి ఒక కుటుంబం సొంత కారులో అంతర్వేది వెళ్లాలనుకుందాం. దారి జోగిపేట, సంగారెడ్డి, హైదరాబాదు, విజయవాడ, భీమవరం మీదుగా నరసాపురం. దూరం దాదాపు 500 కిలోమీటర్లు.

ముందుగా ఒక జాగ్రత్త. మెదక్ జిల్లాలోనే మరో నర్సాపూర్ ఉంది. ఫోనులో దారి వెతికేటప్పుడు పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురాన్నే ఎంచుకున్నారో లేదో చూసుకోండి.

చివరి పంటు సాయంత్రం 6 గంటలకు అనుకుందాం. అసలు వేళను ముందురోజు స్థానికులను అడిగి తెలుసుకోవాలి.

• ఉదయం 5 గంటలకు బయలుదేరారు.
• గంటకు సగటున 50 కిలోమీటర్ల చొప్పున ప్రయాణం: 10 గంటలు.
• భోజనం, విశ్రాంతి: గంటన్నర.
• రేవు చేరే సమయం: సాయంత్రం 4.30.
• వరుసలో నిరీక్షణ: ఒక గంట. అంటే 5.30.

మిగిలింది అరగంట మాత్రమే. ఒక టైరు పంక్చరైనా, విజయవాడలో ట్రాఫిక్ ఆలస్యమైనా పంటు తప్పిపోతుంది. కాగితం మీద ఈ లెక్క సరిపోయినా ఇది మంచి ప్రణాళిక కాదు. భీమవరంలో గాని నరసాపురంలో గాని రాత్రి బస చేసి, మరునాడు ఉదయం రేవు దాటడం సరైన పద్ధతి. తిరుగు ప్రయాణానికీ ఇదే లెక్క వేయాలి. అవతలి ఒడ్డున చిక్కుకునేవారిలో చాలామంది వెళ్లడానికి వేళ చూసుకుని, రావడానికి చూసుకోనివారే.

ప్రత్యామ్నాయం: పంటు ఆగిపోతే పాలకొల్లు వైపు వెళ్లి, చించినాడ వద్ద వసిష్ఠపై ఉన్న వంతెన దాటి, దిండి, మలికిపురం మీదుగా సఖినేటిపల్లి చేరవచ్చు. పంటు మీద నది వెడల్పు మాత్రమే దాటితే సరిపోయే చోట, ఇలా కొన్ని పదుల కిలోమీటర్లు చుట్టు తిరగాలి. దానికి తగిన సమయం, ఇంధనం ముందే చూసుకోండి.

5. పంటు మీద పాటించవలసిన జాగ్రత్తలు

• కారు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు డ్రైవరు మాత్రమే లోపల ఉండాలి. మిగిలినవారు నడిచి ఎక్కాలి.
• పంటు సిబ్బంది చూపిన చోటే ఆపాలి. బరువు ఒకే వైపు చేరితే పంటు ఒరుగుతుంది.
• ఇంజను ఆపి, గేరులో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేయాలి.
• నది దాటుతున్నంతసేపు కారులో కూర్చోకూడదు. నీటిలో పడిన కారు తలుపు తెరవడం చాలా కష్టం.
• లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయో చూసుకోవాలి, పిల్లలకు ముందుగా తొడగాలి.
• పంటు కిక్కిరిసి ఉంటే తరువాతి దానికి ఆగాలి.

6. సారాంశం

గోదావరి రేవుల్లో పంటు నిండినప్పుడే కదులుతుంది. ఎగువన వరద, దిగువన ఆటుపోట్లు, రేవులో రద్దీ కలిసి ప్రయాణ సమయాన్ని నిర్ణయిస్తాయి. అందువల్ల చివరి పంటు వేళ నుంచి వెనక్కి లెక్కించాలి, తిరుగు ప్రయాణాన్ని కూడా అప్పుడే నిర్ణయించాలి, వంతెన దారిని సిద్ధంగా ఉంచుకోవాలి.

7. మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. ఊళ్లో వాన లేకపోయినా రేవు మూతపడటానికి కారణమేమిటి?
2. పై ఉదాహరణలో సగటు వేగం గంటకు 40 కిలోమీటర్లైతే కుటుంబం రేవుకు ఎన్ని గంటలకు చేరుతుంది? చివరి పంటు అందుతుందా?
3. మీ ఇంటి నుంచి కోటిపల్లి రేవు మీదుగా ముక్తేశ్వరం వెళ్లి రావడానికి ప్రత్యామ్నాయ మార్గంతో సహా రెండు రోజుల ప్రణాళిక రాయండి.