మీకు తెలుసా? ఒక్క బిట్ మారితే కడప గడపవుతుంది!

యూనికోడ్ తెలుగు అక్షరాలకు ఇచ్చిన సంఖ్యల్లో ‘క’కూ ‘గ’కూ తేడా ఒకే ఒక్క బిట్. ‘క’లో సున్నాగా ఉన్న ఆ బిట్ ర్యామ్‌లో కాస్తా ఒకటైతే, మీరు టైప్ చేసిన ‘కడప’ డిస్కులోకి ‘గడప’గా వెళ్లి కూర్చుంటుంది. కంప్యూటర్ ఆగదు, ఏ హెచ్చరికా రాదు.

ఊరికే చెప్పే మాట కాదిది. 2003 మే 18న జరిగిన బెల్జియం ఎన్నికల్లో, బ్రస్సెల్స్ ప్రాంతంలోని స్కార్‌బేక్‌లో ఓ అభ్యర్థికి ఎలక్ట్రానిక్ లెక్కింపులో 4,096 ఓట్లు అదనంగా వచ్చాయి. రావడానికి వీల్లేనన్ని ఓట్లు కనబడటంతో తప్పు బయటపడింది. 4,096 అంటే పన్నెండు రెండ్లను హెచ్చవేస్తే వచ్చే సంఖ్య. పదమూడో బిట్ ఒక్కటే తారుమారైందన్నమాట. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల పని కావచ్చని అనుమానించారు గానీ రుజువు కాలేదు.

దీనికి విరుగుడు ఈసీసీ ర్యామ్. డీడీఆర్4లో మామూలు ర్యామ్ ఒకసారికి 64 బిట్లు దాచుకుంటే, ఇది వాటికి మరో 8 కాపలా బిట్లు చేర్చి 72 దాస్తుంది. చదివేటప్పుడు ఒక బిట్ తప్పితే అక్కడికక్కడే దిద్దుతుంది. రెండు తప్పితే దిద్దలేదు గానీ పట్టేస్తుంది. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన రిచర్డ్ హామింగ్ 1950లో ప్రచురించిన పద్ధతే దీనికి మూలం.

కాస్మిక్ కిరణాల కథ ఎంత ఆకర్షణీయంగా ఉన్నా, చాలాసార్లు దోషి ర్యామ్ చిప్పే. గూగుల్ సర్వర్లపై 2009లో వెలువడిన అధ్యయనంలో ఏటా దాదాపు 8 శాతం ర్యామ్ మాడ్యూళ్లలో తప్పులు కనిపించాయి. ఒకసారి తప్పిన మాడ్యూలే మళ్లీ మళ్లీ తప్పుతుందనీ తేలింది. నా దృష్టిలో అసలు విషయం ఇదే. ఈసీసీ తప్పు దిద్దడంతో పాటు లాగ్‌లో రాసిపెడుతుంది కాబట్టి, చెడిన మాడ్యూల్ ఏదో తెలుసుకుని తీసేయొచ్చు. మామూలు ర్యామ్ చెడుతున్నా పైకి చెప్పదు.

మరి ఇంట్లో పెట్టుకునే సర్వర్‌కు ఇది కావాలా? సినిమాలు, పాటలే ఉంటే అక్కర్లేదు. పిల్లల ఫొటోలు, పొలం కాగితాల స్కాన్లు దాస్తూ రాత్రింబవళ్లు నడిచే యంత్రమైతే, కొత్తగా కొనేటప్పుడే ఈసీసీ తీసుకోవడం మంచిది. ప్రాసెసర్, మదర్‌బోర్డ్ రెండూ ఒప్పుకుంటేనే అది పనిచేస్తుంది కాబట్టి, తర్వాత చూద్దాంలే అంటే కుదరకపోవచ్చు. డీడీఆర్5 ర్యామ్‌లన్నిటా ఉండే అంతర్గత ఈసీసీని చూసి మోసపోవద్దు. అది చిప్పు లోపలి తప్పులనే దిద్దుతుంది, చిప్పు నుంచి ప్రాసెసర్‌కు వెళ్లే దారిలో జరిగేవాటిని పట్టించుకోదు.

జడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ వాడేవాళ్లకు ఈసీసీ తప్పనిసరి అన్న ప్రచారమూ సరికాదు. మిగతా ఫైల్ సిస్టమ్‌లకు ఎంత అవసరమో దీనికీ అంతేనని దాని సృష్టికర్తల్లో ఒకరైన మాథ్యూ అహ్రెన్స్ చెప్పారు. కాకపోతే డిస్కులో జరిగే తప్పును పట్టుకునే జడ్‌ఎఫ్‌ఎస్ కూడా, ర్యామ్‌లో ముందే పాడైన ఫైలును సరైనదిగానే దాచేస్తుంది.

ఇప్పటికే మామూలు ర్యామ్‌తో సర్వర్ నడుపుతుంటే దాన్ని పారేయకండి. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ను ఓ రాత్రంతా నడిపి చూడండి. బ్యాకప్‌లో పాత కాపీలను కూడా కొన్ని నెలలపాటు ఉంచండి. లేదంటే పాడైన ఫైలే మంచి కాపీని తుడిచేసి దాని చోట్లోకి వస్తుంది.